గుండె వాల్వ్‌కి ఇన్ఫెక్షన్ వస్తే మెదడులో రక్తనాళం ఎందుకు పగులుతుంది?

 

ఈరోజు ఎపిసోడ్‌లో గుండెకీ మెదడుకీ మధ్య ఉన్న ఒక ప్రమాదకరమైన సంబంధం గురించి మాట్లాడుకుందాం. గుండెలోని వాల్వ్‌కి ఇన్ఫెక్షన్ పడితే, కొంతమందిలో మెదడులోని రక్తనాళం చిన్న బుడగలా ఉబ్బుతుంది. ఆ బుడగ పగిలితే మెదడులో రక్తస్రావం అవుతుంది. దీన్నే ఇన్ఫెక్షియస్ అన్యూరిజమ్ అంటాం. ఇది తరచుగా కనిపించే జబ్బు కాదు. కానీ ముందుగా పసిగడితే నయం చేయగలిగిన జబ్బు, ఆలస్యం చేస్తే ప్రాణం తీసే జబ్బు. అందుకే ఒక ఎపిసోడ్ మొత్తం దీనికే కేటాయించాను.

ముందుగా ఒక పేషెంట్ సంగతి చెప్తాను. పేరు, ఊరు చెప్పను, కొన్ని వివరాలు మార్చాను.

ఆయన వయసు 38 ఏళ్లు. చిన్నప్పుడు కీళ్ల వాతజ్వరం వచ్చింది. దాని వల్ల గుండెలో మైట్రల్ వాల్వ్ కొద్దిగా లీక్ అవుతోందని ఎప్పుడో చెప్పారు. ఆయాసం ఏమీ లేదు కాబట్టి ఆ సంగతి ఆయనా మర్చిపోయారు, ఇంట్లోవాళ్లూ మర్చిపోయారు. ఒకసారి జ్వరం మొదలైంది. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం, రాత్రి చెమటలు. దగ్గర్లోని ఆర్ఎంపీ దగ్గర మూడు రోజులు ఇంజెక్షన్లు చేయించుకున్నారు, తగ్గింది. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చింది. ఈసారి వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు, ఐదు రోజులు ఇంజెక్షన్లు. మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది. ఇలా ఐదు వారాలు గడిచాయి. మనిషి సగం అయిపోయాడు, అన్నం సయించట్లేదు.

ఒకరోజు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే కుడిచెయ్యి పట్టు తప్పింది. మాట ముద్దగా వచ్చింది. అరగంటలో అంతా మామూలైపోయింది. "నీరసం వల్లేలే" అనుకుని ఒక సెలైన్ బాటిల్ పెట్టించారు. రెండు రోజుల తర్వాత భరించలేని తలనొప్పి, వాంతులు, ఆ వెంటనే ఫిట్స్. హాస్పిటల్‌కి తెచ్చేసరికి స్పృహ సరిగ్గా లేదు. ఆయన భార్య మాతో అన్న మొదటి మాట, "సార్, జ్వరం తప్ప ఈయనకి ఏ జబ్బూ లేదండి" అని.

ఆ జ్వరమే అసలు జబ్బు. ఆయనకు ఏం జరిగిందో ఇప్పుడు ఒక్కో మెట్టూ చూద్దాం. చివర్లో మళ్లీ ఈ కథకే వద్దాం, ఎక్కడెక్కడ ఆపగలిగేవాళ్లమో లెక్క చూసుకుందాం.

మన గుండెలో నాలుగు వాల్వ్‌లు ఉంటాయి. తెలుగులో కవాటాలు అంటాం, అంటే తలుపులు. రక్తం ఒకవైపే పోవాలి, వెనక్కి రాకూడదు, వాల్వ్ చేసే పని అంతే. ఆరోగ్యంగా ఉన్న వాల్వ్ నున్నగా ఉంటుంది. రక్తంలో అప్పుడప్పుడు బ్యాక్టీరియా తిరిగినా దాని మీద అంత తేలిగ్గా నిలవలేదు. కానీ రుమాటిక్ జబ్బు వల్ల దెబ్బతిన్న వాల్వ్ అయినా, పుట్టుకతో లోపం ఉన్న వాల్వ్ అయినా, ఆపరేషన్ చేసి పెట్టిన కృత్రిమ వాల్వ్ అయినా పైభాగం గరుకుగా ఉంటుంది, లేదా రక్తం అక్కడ సుడులు తిరుగుతూ ఉంటుంది. ముందుగా అక్కడ సన్నటి రక్తపు పొర పేరుకుంటుంది. ఆ పొరలో బ్యాక్టీరియా చిక్కుకుంటుంది. దాని మీద మళ్లీ ఇంకో పొర, మళ్లీ బ్యాక్టీరియా. అలా పెరిగి పెరిగి వాల్వ్ అంచున ఒక మెత్తటి ముద్దలా వేలాడుతుంది. దీన్ని వెజిటేషన్ అంటాం. ఈ జబ్బు పేరు ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్.

ఇందులో రెండు ఇబ్బందులు ఉన్నాయి. మొదటిది, ఆ ముద్ద లోపల దాక్కున్న బ్యాక్టీరియాను మన తెల్ల రక్తకణాలు సులువుగా చేరలేవు. మందు కూడా తక్కువ మోతాదులో ఇస్తే లోపలిదాకా పోదు. అందుకే మూడు రోజుల ఇంజెక్షన్‌కి పైపైన జ్వరం తగ్గుతుంది, లోపలున్నది మళ్లీ పెరుగుతుంది. రెండోది, గుండె నిమిషానికి 70, 80 సార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ ఆ ముద్ద ఊగుతుంది. ఊగి ఊగి ఒక ముక్క తెగిందనుకోండి, రక్తంతో పాటు కొట్టుకుపోతుంది. ఎడమవైపు వాల్వ్‌ల నుంచి తెగిన ముక్క మెదడుకి పోవచ్చు, కిడ్నీకి పోవచ్చు, ప్లీహానికి పోవచ్చు, కాలికి పోవచ్చు.

మెదడుకి పోతే ఏమవుతుంది? ఆ ముక్క వెళ్లి ఒక సన్నటి రక్తనాళంలో ఇరుక్కుంటుంది. నాళం పూర్తిగా మూసుకుపోతే ఆ భాగానికి రక్తం అందక స్ట్రోక్ వస్తుంది, అంటే పక్షవాతం. ఇది మామూలు రక్తపు గడ్డ అయితే కథ అక్కడితో ఆగిపోయేది. కానీ ఇందులో బతికున్న బ్యాక్టీరియా ఉంది. అది నాళం గోడలోకి చేరి గోడను తినడం మొదలుపెడుతుంది. మన శరీరం దాంతో పోరాడటానికి తెల్ల రక్తకణాలను పంపుతుంది. ఆ కణాలు వదిలే ఎంజైమ్‌లు బ్యాక్టీరియాతో పాటు నాళం గోడలోని సాగే పొరను, కండర పొరను కూడా కరిగిస్తాయి.

డెల్టా ఊళ్లవాళ్లకి కాలువ గట్టు సంగతి బాగా తెలుసు. ఎలుకలు గట్టులో బొరియ చేస్తాయి. పైకి గట్టు బాగానే కనిపిస్తుంది. కాలువ నిండా నీళ్లు వదిలిన రోజు సరిగ్గా ఆ బొరియ దగ్గరే గండి పడుతుంది. ఇదీ అంతే. నాళం గోడ బలహీనపడిన చోట రక్తపు ఒత్తిడికి ఉబ్బి బుడగ అవుతుంది. ఇన్ఫెక్షన్ కొనసాగితే ఆ బుడగ పగులుతుంది. ఇది నెలలు, సంవత్సరాలు పట్టే వ్యవహారం కాదు, కొద్ది రోజుల్లోనే తయారవ్వగలదు. అందుకే ఒకసారి స్కాన్ బాగుందని పూర్తిగా నిశ్చింతగా ఉండలేం.

ఇక్కడ ఒక తేడా గమనించండి. చాలామంది విన్న అన్యూరిజమ్ వేరే. దాన్ని బెర్రీ అన్యూరిజమ్ అంటాం. అది మెదడు అడుగుభాగంలో, పెద్ద రక్తనాళాలు చీలే చోట వస్తుంది. బీపీ, పొగతాగడం, కుటుంబంలో ఉండటం, ఇలాంటి కారణాలు ఉంటాయి. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చేది ఎక్కువగా చివరి కొమ్మల్లో వస్తుంది. ముఖ్యంగా మిడిల్ సెరెబ్రల్ ఆర్టరీ అనే నాళం కొమ్మల్లో. చెట్టుతో పోలిస్తే బెర్రీ అన్యూరిజమ్ పంగ దగ్గర, ఇది చిటారు కొమ్మల్లో. తెగిన ముక్క రక్తంతో పాటు నాళం సన్నబడేదాకా పోయి ఇరుక్కుంటుంది కదా, అందుకని. పైగా ఇవి ఒక్కొక్కసారి రెండు మూడు కూడా ఉంటాయి. ఒకటి కనిపించిందంటే ఇంకోటి ఉందేమో వెతకాలి.

ఎంతమందిలో వస్తుంది? ఎండోకార్డైటిస్ వచ్చిన పేషెంట్లలో సుమారు 2 నుంచి 4 శాతం మందిలో ఈ బుడగలు బయటపడతాయి. అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉండొచ్చు, ఎందుకంటే లక్షణాలు లేనివాళ్లందరికీ మనం మెదడు రక్తనాళాల స్కాన్ చేయం. మొత్తం మీద చూస్తే ఎండోకార్డైటిస్ పేషెంట్లలో 20 నుంచి 40 శాతం మందికి మెదడుకి సంబంధించిన ఏదో ఒక ఇబ్బంది వస్తుంది. ఎక్కువమందికి అది స్ట్రోక్.

పాత పుస్తకాల్లో, కొన్ని రిపోర్టుల్లో దీన్ని "మైకోటిక్ అన్యూరిజమ్" అని రాస్తారు. మైకోటిక్ అనగానే ఫంగస్ అనుకుంటారు. ఒక పేషెంట్ కొడుకు రిపోర్ట్ చదివి, "మా నాన్నకి బ్లాక్ ఫంగస్ మెదడుకి పాకిందా సార్?" అని కంగారుగా అడిగాడు. కాదండి. 1885లో విలియం ఆస్లర్ అనే ప్రసిద్ధ వైద్యుడు లండన్‌లో ఎండోకార్డైటిస్ మీద ఉపన్యాసాలు ఇచ్చారు. పుట్టగొడుగుల్లా కనిపించే వెజిటేషన్లను బట్టి ఈ మాట అప్పటి నుంచి వాడుకలో స్థిరపడిపోయింది. నిజానికి ఇందులో ఎక్కువ భాగం బ్యాక్టీరియా వల్ల వచ్చేవే. నోట్లో ఉండే స్ట్రెప్టోకాకస్, చర్మం మీద ఉండే స్టెఫిలోకాకస్ ఆరియస్, ఈ రెండే ప్రధానం. ఫంగస్ వల్ల కూడా రావచ్చు గానీ అది అరుదు. అసలు గుండె వాల్వ్ ఇన్ఫెక్షన్‌కీ, మెదడులోని బుడగకీ సంబంధం ఉందని 1869లోనే చర్చ్ అనే ఇంగ్లీషు వైద్యుడు రాశారు. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. జబ్బు ఏమిటో తెలిసినా చేయడానికి ఏమీ ఉండేది కాదు.

ఎంత నిస్సహాయ స్థితి అంటే, గుస్టావ్ మాలర్ అనే ప్రపంచ ప్రసిద్ధ సంగీతకారుడు ఉన్నారు. ఆయనకి వాల్వ్ జబ్బు ఉంది. 1911లో న్యూయార్క్‌లో ఉండగా జ్వరం వదల్లేదు. బ్లడ్ కల్చర్ చేస్తే స్ట్రెప్టోకాకస్ పెరిగింది. అంటే ఆ రోజుల్లోనే జబ్బు కచ్చితంగా తెలిసింది. కానీ మందు లేదు. అదే సంవత్సరం మే 18న వియన్నాలో చనిపోయారు. పెన్సిలిన్ వైద్యంలోకి రావడానికి ఇంకా 30 ఏళ్లు పట్టింది. ఈరోజు మన చేతిలో మందు ఉంది. జబ్బును సమయానికి కనుక్కోకపోవడమే మనకు మిగిలిన సమస్య.

మరి ఎప్పుడు అనుమానించాలి? రెండు దశలుగా చెప్తాను.

మొదటి దశ, ఎండోకార్డైటిస్‌ని అనుమానించడం. వాల్వ్ జబ్బు ఉన్నవాళ్లకి, వాల్వ్ మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లకి, గుండెలో పుట్టుకతో లోపం ఉన్నవాళ్లకి, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి, డయాలసిస్ కోసం ట్యూబ్ ఉన్నవాళ్లకి కారణం తెలియని జ్వరం కొన్ని రోజులకు మించి ఉంటే ఎండోకార్డైటిస్ కాదని తేలేదాకా అదే అనుకోవాలి. జ్వరంతో పాటు రాత్రి చెమటలు, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, కీళ్ల నొప్పులు, నడుము నొప్పి, కొత్తగా ఆయాసం ఉండొచ్చు. వేళ్ల చివర నొప్పిగా ఉండే చిన్న బుడిపెలు, అరచేతుల్లో నొప్పి లేని ఎర్రటి మచ్చలు, గోళ్ల కింద చీరుకుపోయినట్టు సన్నటి ఎర్రగీతలు కొందరిలో కనిపిస్తాయి. మన దగ్గర ఇలాంటి జ్వరాన్ని టైఫాయిడ్ అనో, టీబీ అనో, వైరల్ అనో అనుకోవడం ఎక్కువ. అవి మన దగ్గర ఎక్కువే కాబట్టి అలా అనుకోవడం సహజమే. కానీ వాల్వ్ జబ్బు ఉందన్న సంగతి డాక్టర్‌కి తెలిస్తే ఆలోచన మారుతుంది. చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

రెండో దశ, మెదడుకి పాకిందేమో అని అనుమానించడం. అలాంటి జ్వరం ఉన్న మనిషికి కొత్తగా తలనొప్పి వచ్చి రోజురోజుకీ ఎక్కువవుతుంటే, చెయ్యి గానీ కాలు గానీ కాసేపు బలం తప్పి మళ్లీ వస్తే, మూతి వంకర పోతే, మాట తడబడితే, చూపు సగం కనిపించకపోతే, ఫిట్స్ వస్తే, మనిషి తికమకగా మాట్లాడితే వెంటనే పెద్ద హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి. అరగంటలో తగ్గిపోయిందని ఊరుకోకూడదు. పెద్ద ప్రమాదానికి ముందు వచ్చే చిన్న హెచ్చరిక అది.

ఇక పరీక్షలు. అన్నిటికన్నా ముఖ్యమైనది, అన్నిటికన్నా మనం నిర్లక్ష్యం చేసేది బ్లడ్ కల్చర్. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు, వేర్వేరు చోట్ల నుంచి మూడు సార్లు రక్తం తీసి కల్చర్‌కి పంపాలి. ఇదెందుకంత ముఖ్యం? ఏ బ్యాక్టీరియానో తెలిస్తేనే ఏ మందు, ఎన్ని వారాలు అన్నది నిర్ణయించగలం. ముందే రెండు రోజులు ఇంజెక్షన్ చేయించుకుని వస్తే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. బ్యాక్టీరియా చావలేదు, దాక్కుంది అంతే. దొంగ ఇంట్లోనే ఉన్నాడు, మనం మాత్రం చీకట్లో కర్ర తిప్పుతున్నట్టు ఉంటుంది వైద్యం.

తర్వాత ఎకో. ఛాతీ మీద నుంచి చేసే ఎకోలో చిన్న వెజిటేషన్లు, ముఖ్యంగా కృత్రిమ వాల్వ్ మీద ఉన్నవి కనిపించకపోవచ్చు. అందుకని ఆహారనాళంలోకి గొట్టం పంపి గుండెకి వెనకవైపు నుంచి చూసే ఎకో చేస్తాం. కొంచెం అసౌకర్యంగా ఉంటుంది, భయపడకండి. అనుమానం గట్టిగా ఉండి మొదటి ఎకో బాగుంటే, వారం లోపు మళ్లీ చేయాల్సి రావచ్చు.

మెదడుకి ముందు సీటీ స్కాన్. రక్తస్రావం ఉందా లేదా అని నిమిషాల్లో చెప్పేస్తుంది. ఎంఆర్ఐలో ఇంకా సూక్ష్మమైన మార్పులు తెలుస్తాయి. రక్తనాళాల కోసం సీటీ యాంజియో గానీ ఎంఆర్ యాంజియో గానీ చేస్తాం. అయితే ఇందాక చెప్పాను కదా, ఈ బుడగలు చిటారు కొమ్మల్లో ఉంటాయి, చాలా చిన్నవి. ఆ స్కాన్లలో దొరక్కపోవచ్చు. అనుమానం బలంగా ఉంటే, ముఖ్యంగా రక్తస్రావం కనిపిస్తే, డీఎస్ఏ చేస్తాం. తొడ దగ్గర లేదా మణికట్టు దగ్గర రక్తనాళంలోంచి సన్నటి ట్యూబ్ పంపి, డై ఇచ్చి నేరుగా ఫొటోలు తీస్తాం. అన్నిటికన్నా కచ్చితమైనది ఇదే.

ఇప్పుడు చికిత్స. దీనికి మూడు భాగాలు ఉన్నాయి. ఇన్ఫెక్షన్‌ని చంపడం, బుడగ సంగతి చూడటం, వాల్వ్ సంగతి చూడటం. ఈ మూడూ ఒకదానికొకటి అడ్డం పడుతుంటాయి. అదే ఇందులోని చిక్కు.

ఇన్ఫెక్షన్‌కి నరం ద్వారా ఇచ్చే యాంటీబయాటిక్స్, సాధారణంగా 4 నుంచి 6 వారాలు. కృత్రిమ వాల్వ్ అయితే కనీసం 6 వారాలు. "జ్వరం తగ్గింది కదా సార్, ఇంటికెళ్లిపోతాం" అని రెండో వారంలో అడుగుతారు. ఖర్చు, పొలం పనులు, పిల్లల చదువు, అన్నీ నాకు అర్థమవుతాయి. కానీ జ్వరం తగ్గడం అంటే జబ్బు పోవడం కాదు. ముద్ద లోపలున్న ఆఖరి బ్యాక్టీరియా కూడా చావాలి. ఇంకో మంచిమాట కూడా చెప్పాలి. సరైన యాంటీబయాటిక్ మొదలుపెట్టాక, మొదటి రెండు వారాల్లో ముక్కలు తెగిపడే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. అంటే మందు ఎంత తొందరగా మొదలుపెడితే మెదడుకి అంత రక్షణ.

బుడగ పగలకుండా ఉంటే, చాలామందిలో మందుతోనే చిన్నదై మాయమైపోతుంది. కొందరిలో అలాగే ఉంటుంది, కొందరిలో పెద్దదవుతుంది, ఇంకొందరిలో కొత్తది పుడుతుంది. ఏది ఎవరిలో జరుగుతుందో ముందే చెప్పలేం. అందుకే వారం, రెండు వారాలకొకసారి మళ్లీ స్కాన్ చేస్తాం. పెద్దదవుతున్నా, మందులకి తగ్గకపోయినా, పగిలినా ఊరుకోం. తల తెరవకుండా రక్తనాళం లోపలి నుంచే వెళ్లి కాయిల్‌తో గానీ, జిగురులాంటి పదార్థంతో గానీ ఆ నాళాన్ని మూసేస్తాం. మెదడులో పెద్ద రక్తపు గడ్డ కట్టి ఒత్తిడి పెరుగుతుంటే న్యూరోసర్జన్ ఆపరేషన్ చేసి గడ్డ తీసి బుడగను తొలగిస్తారు.

మూడోది వాల్వ్. వాల్వ్ బాగా చెడిపోయి గుండె ఫెయిల్ అవుతుంటే, ఇన్ఫెక్షన్ మందులకి లొంగకపోతే, పెద్ద వెజిటేషన్ నుంచి ముక్కలు పడుతుంటే వాల్వ్ ఆపరేషన్ చేయాలి. కానీ ఆ ఆపరేషన్‌లో హార్ట్ లంగ్ మెషిన్ నడపాలంటే హెపారిన్ ఇవ్వాలి, అంటే రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. మెదడులో రక్తస్రావం అయిన మనిషికి అది ఇస్తే ఏమవుతుందో మీరే ఊహించండి. అందుకని మెదడులో రక్తస్రావం అయితే, వీలున్నంతవరకు ఆపరేషన్‌ని కనీసం నెలరోజులు వాయిదా వేస్తాం. రక్తస్రావం లేని స్ట్రోక్ అయి, పేషెంట్ కోమాలో లేకపోతే అంతకాలం ఆగనక్కర్లేదు. గుండె అసలు ఆగేలా లేదనుకోండి, అప్పుడు ఆగితే గుండెకి ప్రమాదం, చేస్తే మెదడుకి ప్రమాదం. ఇది ఒక్క డాక్టర్ తీసుకునే నిర్ణయం కాదు. కార్డియాలజిస్ట్, హార్ట్ సర్జన్, న్యూరాలజిస్ట్, న్యూరోసర్జన్, మైక్రోబయాలజిస్ట్ కూర్చుని మాట్లాడుకోవాలి. "ఒకాయన ఆపరేషన్ అంటాడు, ఇంకొకాయన ఆగమంటాడు, మాకేం అర్థం కావట్లేదు" అని బంధువులు విసుక్కుంటారు. వాళ్లలో ఒకరు తప్పని కాదు. త్రాసు రెండు వైపులా బరువు ఉంది. అందరినీ ఒకేసారి కూర్చోబెట్టి మీతో మాట్లాడమని అడిగే హక్కు మీకు ఉంది, అడగండి.

ఇక్కడే రక్తం పల్చబడే మందుల సంగతి కూడా చెప్పుకోవాలి. 1944లో అమెరికాలో లియో లోవె అనే డాక్టర్, పెన్సిలిన్, హెపారిన్ కలిపి ఇచ్చి ఏడుగురు ఎండోకార్డైటిస్ పేషెంట్లను వరసగా బతికించారు. చావు తప్పదనుకున్న జబ్బు నయమవడం అప్పుడు గొప్ప వార్త. తర్వాత అనుభవంలో తేలింది ఏమిటంటే, పనిచేసింది పెన్సిలిన్. హెపారిన్ అవసరం లేదు, పైగా మెదడులో రక్తస్రావం ప్రమాదం. కాబట్టి ఎండోకార్డైటిస్‌కి చికిత్సగా రక్తం పల్చబడే మందు ఇవ్వం.

మరి మెకానికల్ వాల్వ్ ఉండి వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటివి వాడుతున్నవాళ్ల మాటేమిటి? జాగ్రత్తగా వినండి. ఆ మందు మీరంతట మీరు ఆపకూడదు. ఆపితే వాల్వ్ మీదే రక్తం గడ్డకట్టి ప్రాణం మీదకి వస్తుంది. కానీ జ్వరంతో పాటు తలనొప్పి, చెయ్యి కాలు బలహీనత వస్తే గంట కూడా ఆలస్యం చేయకుండా హాస్పిటల్‌కి వెళ్లాలి. స్కాన్, ఐఎన్ఆర్ చూసి, ఆపాలా, ఎన్నాళ్లు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అని డాక్టర్లు నిర్ణయిస్తారు. అవసరమైతే కనీసం రెండు వారాలు ఆపాల్సి రావచ్చు. అది హాస్పిటల్‌లో, కళ్లముందు ఉంచుకుని చేసే పని.

ఇంకొక ముఖ్యమైన విషయం. ఈ మధ్య స్ట్రోక్ గురించి అవగాహన పెరిగింది, సంతోషం. నాలుగున్నర గంటల్లోపు వస్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారని చాలామందికి తెలుసు. కానీ ఎండోకార్డైటిస్ వల్ల వచ్చిన స్ట్రోక్‌కి ఆ ఇంజెక్షన్ ఇవ్వకూడదు. ఎందుకంటే నాళం గోడ అప్పటికే చెడిపోయి ఉంటుంది, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఎక్కువ. పెద్ద నాళం మూసుకుపోతే ట్యూబ్ పంపి గడ్డను లాగేసే పద్ధతి గురించి ఆలోచిస్తాం. ఎమర్జెన్సీలో అంతా హడావిడిగా ఉంటుంది. అప్పుడు మీరు చెప్పాల్సిన ఒకే ఒక్క మాట, "నెల రోజులుగా జ్వరం ఉందండి, గుండె వాల్వ్ జబ్బు ఉంది". ఆ ఒక్క మాట ప్రాణం కాపాడొచ్చు.

ఇక రాకుండా ఏం చేయాలి?

ఒకటి, నోటి శుభ్రత. చిగుళ్ల నుంచి రక్తం కారే నోట్లోంచి బ్యాక్టీరియా రోజూ, నమిలినప్పుడల్లా రక్తంలోకి పోతుంటుంది. రోజుకి రెండుసార్లు పళ్లు తోముకోండి, ఆరు నెలలకొకసారి డెంటిస్ట్‌కి చూపించుకోండి. పిప్పిపన్నుని లవంగం పెట్టి నెట్టుకు రావద్దు.

రెండు, పళ్ల చికిత్సకి ముందు యాంటీబయాటిక్. ఇది అందరికీ కాదు. కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లు, ముందోసారి ఎండోకార్డైటిస్ వచ్చినవాళ్లు, కొన్ని రకాల పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు ఉన్నవాళ్లకి పన్ను పీకేటప్పుడు, చిగుళ్ల మీద పనిచేసేటప్పుడు అరగంట నుంచి గంట ముందు ఒక డోసు ఇస్తారు. మామూలుగా పెద్దవాళ్లకి అమాక్సిసిలిన్ 2 గ్రాములు, పెన్సిలిన్ పడనివాళ్లకి వేరే మందు. మీరు ఈ కోవలోకి వస్తారో లేదో మీ కార్డియాలజిస్ట్‌ని అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి, డెంటిస్ట్‌కి చూపించండి.

ఇక్కడ ఒక అపోహ ఉంది. కీళ్ల వాతజ్వరం వచ్చినవాళ్లు మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయించుకుంటారు. "ఆ ఇంజెక్షన్ వేయించుకుంటున్నాను కదా, ఎండోకార్డైటిస్ రాదు" అనుకుంటారు. కాదండి. ఆ ఇంజెక్షన్ వాతజ్వరం మళ్లీ రాకుండా చేస్తుంది. అది తప్పకుండా వేయించుకోవాలి. కానీ ఎండోకార్డైటిస్‌ని అది ఆపదు. రెండూ వేర్వేరు.

మూడు, అనవసరమైన సెలైన్లు, ఇంజెక్షన్లు వద్దు. కాస్త నీరసంగా ఉంటే సెలైన్ పెట్టించుకోవడం మన ఊళ్లలో అలవాటైపోయింది. నరానికి సూది గుచ్చిన ప్రతిసారీ చర్మం మీది స్టెఫిలోకాకస్‌కి ఒక దారి తెరిచినట్టే. సెగ్గడ్డలను పిండటం, గిల్లడం కూడా చేయొద్దు.

ఇప్పుడు మొదట చెప్పిన పేషెంట్ దగ్గరికి వద్దాం. స్కాన్‌లో మెదడు ఎడమవైపు రక్తస్రావం. డీఎస్ఏలో మిడిల్ సెరెబ్రల్ నాళం చివరి కొమ్మలో చిన్న బుడగ. లోపలి నుంచే దాన్ని మూసేశారు. ఎకోలో మైట్రల్ వాల్వ్ మీద వెజిటేషన్. ఆరు వారాలు యాంటీబయాటిక్స్. ఆ తర్వాత వాల్వ్ ఆపరేషన్. ఆయన బతికారు. నడుస్తున్నారు. మాట వచ్చింది గానీ కొన్ని పదాల కోసం వెతుక్కుంటారు. కుడిచేత్తో చొక్కా గుండీ పెట్టుకోవడం ఇప్పటికీ కష్టమే, భార్య పెడతారు.

ఈ కథ మూడు చోట్ల ఆగగలిగేది. మొదటి జ్వరానికి వెళ్లినప్పుడు "నాకు వాల్వ్ జబ్బు ఉంది" అని చెప్పి ఉంటే. రెండోసారి జ్వరం తిరగబెట్టినప్పుడు ఇంజెక్షన్‌కి ముందు బ్లడ్ కల్చర్ తీసి ఉంటే. చెయ్యి పట్టు తప్పిన రోజున సెలైన్ బదులు స్కాన్ చేయించి ఉంటే. ఇందులో ఆయన్ని గానీ, వాళ్లావిడని గానీ తప్పుపట్టడానికి నేను చెప్పట్లేదు. వాళ్లకి ఎవరూ చెప్పలేదు. అందుకే మీకు చెప్తున్నాను.

ఈరోజు ఒక్క పని చేయండి. మీ ఇంట్లోగానీ, బంధువుల్లోగానీ వాల్వ్ జబ్బు ఉన్నవాళ్లు, వాల్వ్ ఆపరేషన్ అయినవాళ్లు ఉంటే, ఒక చిన్న కార్డు మీద జబ్బు పేరు, వాడుతున్న మందులు, "జ్వరం వస్తే యాంటీబయాటిక్‌కి ముందు బ్లడ్ కల్చర్ చేయాలి" అన్న మాట రాసి పర్సులో పెట్టించండి. పక్కన మందులు ఇచ్చేవాళ్లకి, డెంటిస్ట్‌కి, ఎమర్జెన్సీ డాక్టర్‌కి అది చూపిస్తే చాలు.

ఇది అవగాహన కోసం చెప్పిన సమాచారం. మీ చికిత్సలో ఏ మార్పు చేయాలన్నా మీ డాక్టర్‌ని అడిగే చేయండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి. నమస్కారం.